ధరల చరిత్ర – 6: మహమ్మారి తర్వాత సంత

గత భాగంలో 1315–17 మహాక్షామం చూశాం. తెరిపి లేని వానలకు పైరు కుళ్ళిపోయింది, తినే నోళ్ళు అలాగే ఉన్నాయి, ధర మండిపోయింది. అందులో లెక్క సూటిగా ఉంది. ఈ భాగంలో ఆ లెక్క తలకిందులవుతుంది. 1348లో ఇంగ్లండు పొలాల్లో పైరు ఉంది, దొడ్లలో పశువులు ఉన్నాయి. పోయింది మనుషులు. తినేవాళ్ళు సగానికి దగ్గరగా తగ్గిపోతే తిండి చవక కావాలి. మొదట్లో అయింది కూడా. ఆ తర్వాత మాత్రం పావు శతాబ్దం పాటు ప్రియంగానే ఉండిపోయింది.

ఎందుకలా జరిగింది? ధర దించడానికి రాజు ఏం చేశాడు? ఎవరు లొంగారు, ఎవరు లొంగలేదు? ఈ వారం కథ అదే. దీన్ని నేను రోగం కథగా చెప్పడం లేదు. అంగడి మీద ఎవరి పెత్తనం సాగింది అనే కథగా చెబుతున్నాను.

నాలుగు పెన్నీల గొర్రె

ప్లేగు 1348 వేసవిలో ఇంగ్లండు దక్షిణ తీరంలో మెల్కోమ్ రీజిస్ అనే చిన్న రేవులో దిగింది. అక్కడి నుంచి బ్రిస్టల్‌కు, శరత్కాలానికి లండన్‌కు పాకింది. 1349 అంతా దేశాన్ని చుట్టబెట్టింది. జనాభాలో మూడో వంతు పోయారని కొందరు చరిత్రకారులు, సగం దాకా పోయారని మరికొందరు అంటారు. లండన్‌లో స్మశానాలు చాలక ఊరి బయట కొత్త నేలలు తీసుకుని వరసల్లో పూడ్చారు.

లెస్టర్ పట్టణంలోని మఠంలో హెన్రీ నైటన్ అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. ఆయన రాసిన చరిత్రలో ఆ రోజుల ధరల పట్టిక ఒకటి ఉంది. అప్పటి లెక్కలో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. అంతకుముందు 40 షిల్లింగులు పలికిన గుర్రం ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలకు, అంటే ఆరో వంతుకు, దొరికిందట. బలిసిన ఎద్దు 4 షిల్లింగులు, ఆవు 12 పెన్నీలు, కొవ్వు పట్టిన పొట్టేలు 4 పెన్నీలు, గొర్రెపిల్ల 2 పెన్నీలు. రేపు ఉంటామో లేదో తెలియని మనిషికి ఆస్తి మీద ఆశ ఎక్కడ ఉంటుంది? కాపరులు పోయారు. గొర్రెలు, ఆవులు పొలాల్లో పడి తిరిగాయి. అదిలించేవాళ్ళు లేక పైరు తొక్కేశాయి.

అయితే ఆ చవక ఎక్కువ కాలం నిలవలేదు. కోతల కాలం వచ్చేసరికి రోజుకు 8 పెన్నీలు, పైగా భోజనం ఇస్తే తప్ప కోత కూలీ దొరకలేదని నైటనే రాశాడు. చాలా చోట్ల పంట చేలోనే పాడైపోయింది. అంతకుముందు ఒక పెన్నీకి వచ్చిన వస్తువు నాలుగైదు పెన్నీలయిందని కూడా ఆయన మాటే.

దీనికి కారణం అర్థం కావాలంటే గింజ నోటి దాకా వచ్చే దారి చూడాలి. కోసేవాడు, నూర్చేవాడు, బండి తోలేవాడు, మరలో పిండి ఆడించేవాడు, రొట్టె కాల్చేవాడు, అమ్మేవాడు. ఈ వరసలో ప్రతి చోటా మనుషులు తగ్గారు. పొలంలో గింజ ఉన్నా బజారులో రొట్టె లేదు. ఇంకో పక్క చనిపోయినవాళ్ళ వెండి నాణేలు బతికినవాళ్ళ చేతికి వచ్చాయి. తలకు డబ్బు పెరిగింది, సరుకు బజారుకు చేరడం తగ్గింది. ఆ పైన వరసగా పంటలు సరిగా పండని ఏళ్ళు తోడయ్యాయి. నోళ్ళు తగ్గినంత మాత్రాన తిండి చవక కాదని ఇంగ్లండు ఇలా నేర్చుకుంది.

న్యాయమైన ధర

1349లో పార్లమెంటు కూడే పరిస్థితి లేదు. మూడవ ఎడ్వర్డ్ రాజు తన మంత్రాంగ సభతోనే జూన్ 18న ఒక శాసనం చేయించాడు. దీన్ని కూలీల శాసనం అంటారు. అరవై ఏళ్ళ లోపు ఉండి, ఒళ్ళు సహకరించి, వేరే జీవనాధారం లేనివాళ్ళు పిలిచిన పనికి రావాలి. ప్లేగుకు ముందున్న కూలికే చేయాలి. చరిత్ర పుస్తకాలు ఎక్కువగా ఈ ముక్కే చెబుతాయి.

అదే శాసనంలో తిండి గురించి కూడా ఒక భాగం ఉంది. మాంసం కొట్టేవాళ్ళు, చేపల వర్తకులు, సత్రాల వాళ్ళు, ఏల్ అనే బార్లీ బీరు కాచేవాళ్ళు, రొట్టెలవాళ్ళు, కోళ్ళు అమ్మేవాళ్ళు అందరూ న్యాయమైన ధరకే అమ్మాలి. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ధర ఉందో చూసి, సరుకు ఎంత దూరం నుంచి మోసుకొచ్చారో లెక్కగట్టి, మితమైన లాభం మాత్రమే వేసుకోవాలి. ఎక్కువ తీసుకుంటే తీసుకున్నదానికి రెండింతలు కొన్నవాడికి కట్టాలి. ఊరి మేయరు, అధికారులు చూసీ చూడనట్టు ఊరుకుంటే వాళ్ళు మూడింతలు కట్టాలి.

ఏడొందల ఏళ్ళ కిందటి చట్టమైనా ఇందులో ఆలోచన బలంగానే ఉంది. పక్క ఊరి ధర చూడమనడం అంటే పోటీ ఉన్న చోట ఎంత పలుకుతోందో అదే కొలబద్ద అని ఒప్పుకోవడం. రవాణా ఖర్చు లెక్కలోకి తీసుకోవడం అంటే అమ్మేవాడి కష్టాన్నీ గుర్తించడం. కళ్ళు మూసుకున్న అధికారికి అమ్మినవాడి కంటే పెద్ద శిక్ష వేయడం అన్నిటికంటే తెలివైన ముక్క.

నిజానికి ఇంగ్లండుకు ధరల కట్టడి కొత్త కాదు. 1260ల నుంచే రొట్టెకు, ఏల్‌కు ఒక కొలత చట్టం ఉంది. రొట్టె ధర మారదు, బరువు మారుతుంది. గోధుమ ప్రియమైతే అదే పెన్నీకి చిన్న రొట్టె, చవకైతే పెద్ద రొట్టె. తూకం తగ్గించిన వాడికి జరిమానా. మాటిమాటికీ పట్టుబడితే నడిబజారులో మెడా చేతులూ కొయ్యలో బిగించి నిలబెట్టేవాళ్ళు.

ఎవరికి తగిలింది?

1351లో పార్లమెంటు కూడి ఈ శాసనాన్ని ఇంకా బిగించింది. ఏ పనికి ఎంత కూలో అంకెలతో సహా రాసింది. అమలుకు ప్రత్యేక న్యాయాధికారులను వేశారు. వాళ్ళు చాలామంది భూస్వాములే. తమ పొలంలో కోసే కూలీ ఎక్కువ అడిగాడో లేదో తేల్చాల్సింది వాళ్ళే. కూలి ఎక్కువ తీసుకున్నందుకు వేల మందికి జరిమానాలు పడ్డాయి.

తిండి అమ్మేవాళ్ళకూ జరిమానాలు పడకపోలేదు. కానీ పడ్డది ఎక్కువగా చిన్నవాళ్ళకు. ఊళ్ళో ఏల్ కాచి అమ్మిన ఆడమనిషి, బుట్టలో రొట్టెలు పెట్టుకుని తిరిగిన మారుబేరగత్తె. కోర్టు కూడిన ప్రతిసారీ వాళ్ళ పేర్లు చదివి తలా కొన్ని పెన్నీలు వసూలు చేసేవాళ్ళు. తప్పు చేసినా చేయకపోయినా కట్టే పన్నులా తయారైంది అది. పట్టణంలో పెద్ద టోకు వర్తకుడి సంగతి వేరు. రెండింతల జరిమానా వేయాల్సిన మేయరు అతని సంఘం మనిషే, కొన్నిసార్లు అతనే.

ఈ చిక్కు రాజసభకు తెలియకపోలేదు. 1351లోనే మరో చట్టం వచ్చింది. స్వదేశీ వర్తకుడైనా, పరదేశీ అయినా, తిండి సరుకులు ఏ పట్టణంలోనైనా టోకుగానూ చిల్లరగానూ అమ్ముకోవచ్చని, ఊరి హక్కుపత్రాలు దీనికి అడ్డు రాకూడదని అది చెప్పింది. 1335లో యార్క్‌లో చేసిన చట్టాన్నే మళ్ళీ స్థిరపరిచారు. సరుకు సంతకు చేరకముందే దారి కాచి కొనేసే వాళ్ళ మీద కూడా శిక్షలు పెట్టారు. ధర మీద అంకె వేయడం ఒక పద్ధతి, అమ్మేవాళ్ళను పెంచడం ఇంకో పద్ధతి. ఇంగ్లండు రెండూ ఒకేసారి ప్రయత్నించింది. మొదటిది బలహీనుల మీద పనిచేసింది. రెండోది బలవంతులతో తలపడాల్సి వచ్చింది.

1363: గ్రోసర్ల మీద ఫిర్యాదు

1361–62లో ప్లేగు మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్లలు ఎక్కువగా పోయారు. ధరల గొడవ మళ్ళీ రేగింది. 1363లో కూడిన పార్లమెంటు చేసిన చట్టాలు చదివితే ఆనాటి గృహస్థుల కోపం ఇప్పటికీ వినిపిస్తుంది.

మొదట కోళ్ళకు ధరలు కట్టారు. కొవ్వు పట్టించిన పడుచు పుంజు 3 పెన్నీలు, ముదురుది 4, పెట్ట 2, పెద్దబాతు 4 పెన్నీలు దాటకూడదు. తర్వాత గ్రోసర్లు అనే టోకు వర్తకుల మీద విరుచుకుపడ్డారు. వీళ్ళు అన్ని రకాల సరుకులూ గుత్తగా కొనేస్తున్నారు, సంఘం పేరుతో కూడబలుక్కుని ధర పెంచుతున్నారు, ప్రియంగా ఉన్నది మాత్రం బయటపెట్టి మిగతాది కరువు వచ్చేదాకా దాచి ఉంచుతున్నారు అని చట్టం పీఠికలోనే రాశారు. దానికి మందుగా ఒక్కో వర్తకుడు ఒక్క రకం సరుకులోనే వ్యాపారం చేయాలని ఆజ్ఞాపించారు.

గుత్త కొనుగోలు, కూడబలుక్కోవడం, సరుకు దాచడం: ఇవాళ మన దేశంలో పోటీ చట్టాలు, నిత్యావసర సరుకుల చట్టం పట్టుకోవాలనుకునేవి ఇవే. రోగం ఏమిటో 1363 పార్లమెంటు సరిగ్గానే గుర్తించింది. మందే తప్పింది. ఒక్క సరుకుకే కట్టుబడాలంటే ప్రతి సరుకులోనూ అమ్మేవాళ్ళు తగ్గుతారు. మిరియాలు అమ్మేవాడు చక్కెర అమ్మకూడదంటే చక్కెర అమ్మేవాడికి పోటీ పోయినట్టే. పోటీ పెంచాల్సిన చట్టం పోటీని కోసేసింది. ఏడాది తిరిగేసరికి దాన్ని రద్దు చేశారు.

ఏల్ కాచే ఆడవాళ్ళు

పార్లమెంటు కంట పడని పెద్ద మార్పు ఊళ్ళలో జరుగుతోంది. ఏల్ అంటే బార్లీతో కాచే ఒక రకం బీరు. పిల్లలు, పెద్దలు, కూలీలు అందరూ రోజూ తాగేది. హాప్ పువ్వు వేయని ఆ పానీయం కొద్ది రోజులకే పులిసిపోయేది. అందుకని ఈ వారం ఒక ఇల్లాలు కాచి, ఇంటికి కావలసింది ఉంచుకుని మిగిలింది ఇరుగుపొరుగుకు అమ్మేది. వచ్చే వారం ఇంకో ఇల్లాలు. నార్తాంప్టన్‌షైర్‌లోని బ్రిగ్‌స్టాక్ గ్రామ కోర్టు రికార్డుల్లో ప్లేగుకు ముందు ఏల్ అమ్మి రుసుము కట్టిన ఆడవాళ్ళు వందల్లో కనిపిస్తారు. వంటింట్లో ఉన్న కుండా, పొయ్యే పెట్టుబడి. పెళ్ళైనవాళ్ళు, వితంతువులు, పేదలు ఎవరైనా దిగగలిగిన వ్యాపారం అది.

ప్లేగు తర్వాత బతికినవాళ్ళ చేతిలో కూలి డబ్బు పెరిగింది, తాగుడూ పెరిగింది. గిరాకీ పెరిగితే ఈ ఆడవాళ్ళు బాగుపడాలి. జరిగింది వేరు. అప్పుడప్పుడూ కాచేవాళ్ళు తగ్గిపోయి, రోజూ కాచే కొద్దిమంది మిగిలారు. పెద్ద గంగాళాలు, కూలి మనుషులు, అప్పు పుట్టించగలిగే పరపతి ఉన్నవాళ్ళదే పైచేయి అయింది. తర్వాత నెదర్లాండ్స్ వైపు నుంచి హాప్ వేసిన బీరు వచ్చింది. అది వారాల తరబడి నిలవ ఉంటుంది, దూరాలకు పంపవచ్చు. దానికి మరింత పెట్టుబడి కావాలి. 1600 నాటికి ఈ వృత్తి చాలా చోట్ల మగవాళ్ళ చేతికి పోయింది. చరిత్రకారిణి జుడిత్ బెన్నెట్ ఈ మార్పును ఊరూరి రికార్డులు తిరగేసి నిరూపించారు.

ఈ భాగంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. ఎవరూ ఆడవాళ్ళను పొమ్మని శాసించలేదు. మహమ్మారి గిరాకీని పెంచింది, పెంచిన గిరాకీ పెట్టుబడి ఉన్నవాడిని వెతుక్కుంది. పేరు పేరునా జరిమానా కట్టిన చిన్న అమ్మకందారు, మంచి రోజులు వచ్చేసరికి బజారులో లేకుండా పోయింది.

చేపల వర్తకుడి కత్తి

1381 జూన్‌లో రైతులు, కూలీలు తిరగబడ్డారు. తలకు ఒక షిల్లింగు పన్ను నిప్పు రాజేసింది. దాని కింద ముప్పై ఏళ్ళుగా కూలి మీద వేసిన సంకెళ్ళ కోపం ఉంది. జూన్ 14న లండన్ బయట మైల్ ఎండ్ అనే చోట పద్నాలుగేళ్ళ రాజు రెండవ రిచర్డ్‌ను కలిసి వాళ్ళు కోరికలు చెప్పారు. వెట్టి పోవాలి, ఎకరాకు నాలుగు పెన్నీలే కౌలు ఉండాలి, అన్ని పట్టణాల్లోనూ, సంతల్లోనూ స్వేచ్ఛగా కొనుక్కునే, అమ్ముకునే హక్కు కావాలి. మూడో కోరికను గమనించండి. భూమి, కూలితో పాటు అంగడిలో చోటు కూడా అడిగారు. రాజు ఒప్పుకుని పత్రాలు రాసిచ్చాడు.

మర్నాడు స్మిత్‌ఫీల్డ్‌లో వాళ్ళ నాయకుడు వాట్ టైలర్‌ను లండన్ మేయరు విలియం వాల్వర్త్ పొడిచాడు. వాల్వర్త్ వృత్తి చేపల వర్తకం. అంగడిలో అందరికీ చోటు కావాలన్న గుంపు నాయకుడి మీద కత్తి దూసినవాడు నగరంలో గట్టి గుత్తాధిపత్యం ఉన్న సంఘానికి చెందినవాడు. పొడిచింది చేపల ధర కోసమని అనను, ఆ రోజు అక్కడ రాజు ప్రాణమే ప్రశ్నగా ఉంది. కానీ ఎవరు ఏ పక్కన నిలబడ్డారో చరిత్ర చూపిస్తూనే ఉంది. రాజు ఇచ్చిన పత్రాలు జూలై మొదట్లో రద్దయ్యాయి.

నాలుగు నెలలకే లండన్‌లో గాలి మారింది. ఆ అక్టోబరులో జాన్ నార్తాంప్టన్ అనే బట్టల వర్తకుడు మేయరయ్యాడు. ఆయన చేపల వర్తకుల గుత్తను బద్దలు కొట్టడానికి పూనుకున్నాడు. బయటి ఊళ్ళ వాళ్ళు నగరంలో చేప తెచ్చి నేరుగా అమ్ముకునేలా చేశాడు. పావు పెన్నీకి రొట్టె, పావు పెన్నీకి ఏల్ అమ్మాలని, దానికి చాలినన్ని పావు పెన్నీ నాణేలు బజారులో ఉండాలని చూశాడు. పేదవాడి దగ్గర పెద్ద నాణెం ఉండదని తెలిసిన మనిషి చేసిన పని అది. 1382 పార్లమెంటు ఆయన పక్షాన నిలిచి, తిండి సరుకులు అమ్మేవాళ్ళు పట్టణాల్లో న్యాయాధికార పదవులు పట్టకూడదని చట్టం చేసింది. తన ధర మీద తానే తీర్పరి కాకూడదన్న మాట. ఆయన వర్గానికీ ఇందులో లాభం లేకపోలేదు. తిండి చవకైతే వృత్తి పనివాళ్ళ కూలి పెరగదు. అయినా ఆ చట్టం న్యాయమైనదే.

నిలిచింది ఒక్క ఏడాది. 1383లో గ్రోసరైన నికొలస్ బ్రెంబర్ బలప్రయోగంతో మేయరు పదవి పట్టాడు. చేపల వర్తకుల హక్కులు తిరిగి వచ్చాయి. నార్తాంప్టన్‌ను 1384లో విచారించి దూరంగా కార్న్‌వాల్‌లోని టింటజెల్ కోటలో పడేశారు. బ్రెంబర్‌కూ మంచి ముగింపు దక్కలేదు, 1388లో రాజకీయ కక్షల్లో ఉరికంబం ఎక్కాడు.

చివరికి పళ్ళెం నిండింది

మరి ధర ఎప్పుడు దిగింది? 1370ల మధ్య నుంచి మంచి పంటలు వచ్చాయి, గోధుమ ధర పడింది. చట్టాలు ఎంత అణచినా కూలి మాత్రం మళ్ళీ పాత చోటికి రాలేదు. మనుషులు తక్కువ, పని ఎక్కువ. ఒక యజమాని చట్టం చదివి వినిపిస్తే ఇంకో యజమాని రాత్రికి రాత్రి ఎక్కువ ఇచ్చి తీసుకుపోయేవాడు. పెద్దవాళ్ళ మధ్య పోటీయే కూలీని కాపాడింది.

నార్ఫక్‌లోని సెడ్జ్‌ఫర్డ్‌లో కోత కూలీలకు పెట్టిన భోజనాల లెక్కలు మిగిలాయి. పదమూడో శతాబ్దంలో వాళ్ళకు దక్కింది ప్రధానంగా బార్లీ రొట్టె, మాంసం వాసన చూడటమే. పదిహేనో శతాబ్దం మొదట్లో గోధుమ రొట్టె, కావలసినంత ఏల్ వచ్చాయి. భోజనం విలువలో మాంసం పావు వంతు దాటింది. 1363 నాటికే సేవకులకు రోజుకు ఒక్కపూటే మాంసమో చేపో పెట్టాలని, మిగతాది పాలు, వెన్న, జున్నుతో సరిపెట్టాలని చట్టం చేయాల్సి వచ్చిందంటే, పెద్దలు ఎంత ఉలిక్కిపడ్డారో తెలుస్తుంది.

పట్టణాల్లో వండిన తిండి అమ్మే కొట్లు సందడిగా ఉండేవి. 1378లో లండన్ పాలకులు వాటికీ ధరల పట్టీ కట్టారు. కాల్చిన పంది పిల్ల 8 పెన్నీలు, పది గుడ్లు ఒక పెన్నీ. ఇంటి నుంచి కోడి తెచ్చుకుంటే పిండి పొరకు, నిప్పుకు, శ్రమకు కలిపి ఒకటిన్నర పెన్నీ.

మన కాలానికి

ఈ కథ నుంచి మనం తీసుకోవలసిన తీర్పు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. మహమ్మారి వచ్చినప్పుడు ధర కట్టడం తప్పనిసరి కావచ్చు. 2020 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం మాస్కులను, శానిటైజర్లను నిత్యావసర సరుకుల చట్టం కిందికి తెచ్చి, 200 మిల్లీలీటర్ల శానిటైజర్‌కు 100 రూపాయలు మించకూడదంది. అది అవసరమైన పనే. కానీ అంకె వేసినంత మాత్రాన సరుకు బజారుకు నడిచి రాదు. తెచ్చేవాళ్ళు, అమ్మేవాళ్ళు నలుగురూ నిలబడాలి. అదే 2020లో తెలుగు రాష్ట్రాల్లో రైతుబజార్లను మూసి కూర్చోకుండా మైదానాలకు మార్చి, దూరం దూరంగా దుకాణాలు పెట్టించారు. రోగానికి జాగ్రత్త, రైతుకు చోటు, కొనేవాడికి నాలుగు ధరలు పోల్చుకునే అవకాశం మూడూ అందులో ఉన్నాయి. మళ్ళీ అలాంటి రోజు వస్తే పాలకులు ముందు చేయాల్సిన పని అదే.

జరిమానా పుస్తకం తెరిచే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఈ శిక్ష తోపుడుబండి మీద పడుతోందా, గిడ్డంగి మీద పడుతోందా? ధర నిర్ణయించే బల్ల దగ్గర సరుకు యజమాని కూర్చుని ఉన్నాడా? పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లండు ఈ ప్రశ్నలు ఆలస్యంగా అడిగింది, జవాబు దొరికిన ఏడాదికే చేజార్చుకుంది. మనం ముందే అడగాలి, వచ్చిన జవాబు మీద నిలబడాలి.

(వచ్చే వారం: 1665 లండన్ ప్లేగు నాటి సంతలు)